ముక్కు మీద గడ్డం

నా ముక్కుకు ఎడంవైపు, రెక్క పక్కన, మిరియం గింజంత నల్లమచ్చ ఒకటి రిటైరయ్యాక మకాం పెట్టింది. మా ఆవిడ పంచాంగం వెనక పేజీల్లో వెతికి ధనయోగమని తేల్చింది. రైల్వే పెన్షనుదారుడికి ధనం ఏ దారిన వస్తుందో అందులో రాయలేదు. మచ్చ మాత్రం నిగనిగలాడుతూ, పెచ్చు కట్టి ఊడుతూ, తువ్వాలు తగిలితే రక్తపు చుక్క రాలుస్తూ తన పని తాను చేసుకుపోయింది.

చర్మాల డాక్టరమ్మ లైటున్న భూతద్దం పెట్టి చూసి, "ఏం ఉద్యోగం చేసేవారండీ?" అంది. పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరునన్నాను. అంటే ట్రాలీ మీద కూచుంటే వెనక నుంచి మనుషులు తోస్తుంటారు, మనం పట్టాలు చూసుకుంటూ పోవాలి. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో పట్టాలు వేడికి వంకర్లు తిరుగుతాయని, వాటి ఉష్ణోగ్రత చూడ్డానికి థర్మామీటరు ఇచ్చేవారు. హద్దు దాటితే పట్టాల మీద గస్తీ వెయ్యాలి. ముక్కుకు థర్మామీటరూ లేదు, గస్తీ లేదు. ట్రాలీకి గొడుగుండేది, కాదనను. దాని నీడ నెత్తి వరకే శాంక్షను.

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే బేసల్ సెల్ కార్సినోమా అని వచ్చింది. పైచర్మంలో అట్టడుగు వరస కణాలు ఏళ్ళ తరబడి ఎండ తిని దారి తప్పితే వచ్చేది. తెల్లవాళ్ళకు ఎక్కువ, మనకు తక్కువ. మన ఒంటి మీద తరచు నల్లగా తేలి, పుట్టుమచ్చనని నమ్మిస్తుంది. నిదానంగా పెరుగుతుంది, ఇంకో అవయవానికి పాకడం బహు అరుదు. అలాగని ఊరుకుంటే ఉన్నచోటే తవ్వుకుంటూ పోతుంది. డాక్టరమ్మ ఇదంతా ఓపిగ్గా చెప్పింది గానీ, మా ఆవిడ 'క్యాన్సర్' దగ్గరే ఆగిపోయింది. సాయంత్రానికి కాకినాడ నుంచి మా బావమరిది ఫోను. "ధైర్యంగా ఉండండి బావగారూ" అని తనే ఏడ్చాడు. అతన్ని ఓదార్చడానికి నా పెన్షన్లో కొంత రీచార్జి అయింది.

అసలు మార్పు పార్కులో కనిపించింది. పొద్దున్నే మేం నడకకని వెళ్ళి కూచునే సిమెంటు బెంచీ ఒకటుంది. అక్కడ సీనియారిటీ ఉద్యోగాన్ని బట్టి కాదు, జబ్బును బట్టి. బైపాసాయన నడిమధ్యన కూచుంటాడు. ఆయనకు అటూ ఇటూ స్టెంట్లవాళ్ళు. ప్రోస్టేటుకు అంచు. షుగరూ బీపీ ఉత్తవాళ్ళకు నిలబడ్డం. నాకు ఇంతకాలం మోకాళ్ళ నొప్పులే గనక చెట్టు కింద చోటు. కబురు తెలిసిన రోజున బైపాసాయన లేచి, "కూచోండి మూర్తిగారూ" అని తన చోటు ఇచ్చాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో రాని ప్రమోషను!

అది వారం కూడా నిలవలేదు. ఒకాయన అల్లుడు డాక్టరు. "అది పాకేది కాదటండీ. మత్తింజక్షను ముక్కుకే ఇచ్చి, చుట్టూ కొద్ది మిల్లీమీటర్లు కలిపి కోసేస్తారట. కీమో కూడా అక్కర్లేదట" అని బయటపెట్టాడు. కీమో లేదనగానే బెంచీ మీద అందరి మొహాలూ చిన్నబోయాయి. నన్ను శుక్లాల ఆపరేషన్ల కిందికి దించేశారు.

ఆపరేషను ముందు సర్జనుగారు నాకు ముక్కు చరిత్ర చెప్పాడు. ఇంగ్లీషువాళ్ళ సైన్యంలో ఎడ్లు తోలే కావస్‌జీ అనే ఆయన టిప్పు సుల్తాను మనుషులకు చిక్కి ముక్కు పోగొట్టుకుంటే, పూనా ప్రాంతంలో ఒక దేశవాళీ వైద్యుడు నుదుటి చర్మం కిందికి తిప్పి కొత్త ముక్కు కట్టాడట. ఆ సంగతి 1794లో లండన్ పత్రికలో బొమ్మతో సహా పడింది. అది ఆధారం చేసుకుని కార్ప్యూ అనే సర్జను 1814లో అక్కడ అదే పని చేశాడు. "మీకు నుదురు దాకా అక్కర్లేదు, పక్కనున్న బుగ్గ చర్మం జరిపితే చాలు. కాకపోతే..." అని ఏదో అన్నాడు. ఇంజక్షను సూది చూస్తూ వింటున్నవాడికి 'కాకపోతే' తరవాతి మాటలు ఎక్కవు.

కట్టు ఉండగానే నవంబరు వచ్చింది. మేం బతికే ఉన్నామని సర్కారుకు రుజువు చూపాల్సిన నెల. 2021 నుంచి ఫోనులో మొహం చూపిస్తే సరిపోతుంది. మా మనవడు ఫోను పట్టుకుని, "తాతయ్యా, కళ్ళార్పు" అన్నాడు. ఆర్పాను. మొహం ఆధార్‌తో కలవడం లేదంది. మళ్ళీ ఆర్పాను. మా ఆవిడ పక్కన నిలబడి, "నేను చెబుతున్నాను, ఈయన ఉన్నారు" అని ఫోనుకు సాక్ష్యం చెప్పింది. చివరికి బ్యాంకుకే పోయి నిలబడ్డాను. కౌంటరు అమ్మాయి కట్టు చూసి, "ఏమైందండీ?" అంది. "క్యాన్సరమ్మా" అన్నాను. ఏ రకమో ఆమె అడగలేదు, నేను విస్తరించలేదు. కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది, ఫారం తనే నింపింది. క్యూలో వెనకున్న బైపాసాయన చొక్కా గుండీ విప్పి కుట్టు చూపించబోయాడు గానీ అప్పటికే ఆలస్యమైంది.

అంచులు శుభ్రంగా ఉన్నాయని రిపోర్టొచ్చింది. కట్టు విప్పారు. ఆ 'కాకపోతే' ఏమిటో కొన్నాళ్ళకు తెలిసింది. బుగ్గ చర్మం బుగ్గ బుద్ధులు మానుకోలేదు, ముక్కు పక్కన నాలుగు తెల్లవెంట్రుకలు మొలిచాయి. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది. "ఇన్నాళ్ళూ ముక్కు మీద కోపం ఒక్కటే భరించాను. ఇప్పుడు గడ్డం కూడానా?"

మంగలి షాపులో కుర్రాడు మాత్రం ఏమాత్రం తొణకలేదు. బుగ్గలు గీసి, కత్తి అక్కడే ఆపి, "ముక్కు కూడా చెయ్యమంటారా సార్? ఇరవై ఎక్స్‌ట్రా" అన్నాడు.