దాచడం మా వంతు, రాబట్టుకోవడం మీ తంటా

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీల ప్రకటనల్లో నాలుగు బొమ్మలు ఒకే వరసలో నిలబడి ఉంటాయి. విండోస్ కిటికీ, ఒక పక్క కొరికిన ఆపిల్ పండు, లినక్స్ పెంగ్విన్, ఆండ్రాయిడ్ పచ్చ మరబొమ్మ. వాటి కింద ‘అన్ని సిస్టమ్‌లకూ ఒకటే’ అని ఇంత లావు అక్షరాలు. బయట ఒకరి డిస్కు ఒకరు సరిగా చదవని ఆ నలుగురికీ ప్రకటనలో మాత్రం ఎక్కడలేని సఖ్యత.

ఆ మాట అబద్ధం కాదు. అందులోనే ఉంది ఘనత. ఆ సాఫ్ట్‌వేర్ నాలుగింటిలోనూ ఇన్‌స్టాల్ అవుతుంది, నాలుగింటి నుంచీ ఫైళ్లు ఎత్తుకుంటుంది. ఒకదాంట్లో దాచింది ఇంకోదాంట్లో తిరిగొస్తుందని మాత్రం ఎక్కడా అనలేదు. కొన్నవాడే అలా అనుకున్నాడు. చీటీలు నడిపే పెద్దమనిషి నెలనెలా గుమ్మంలోకే వచ్చి నవ్వుతూ వసూలు చేసుకుంటాడు. చీటీ పాడుకుని డబ్బడిగిన రోజున ష్యూరిటీలూ, సంతకాలూ, రేపు రమ్మనడాలూ మొదలవుతాయి. ఈ వ్యాపారంలో ఆ ‘రేపు రండి’ని ప్రకటన అడుగున, నక్షత్రం గుర్తు పక్కన, భూతద్దానికి కూడా అందని సైజులో అచ్చేస్తారు: మొత్తం డిస్క్ ఇమేజ్ విండోస్‌కి మాత్రమే, మ్యాక్‌లో ఫైళ్ల వరకే, లినక్స్ అయితే ఫలానా కెర్నల్ దాకే.

మనవాళ్లలో ఎక్కువమందికి ఈ సంగతి తెలిసొచ్చేది కంప్యూటర్ దగ్గర కాదు, వాట్సాప్ దగ్గర. డాలస్ నుంచి వచ్చిన కొడుకు అమ్మకి ఐఫోన్ తెచ్చిస్తాడు. ఆవిడ పాత ఆండ్రాయిడ్ ఫోన్ రోజూ తెల్లవారుజామున గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ తీసుకుంటూనే ఉంది. ‘బ్యాకప్ పూర్తయింది’ అని తేదీతో సహా చూపిస్తోంది కూడా. మనవరాలి తొలి అడుగుల వీడియో, పోయిన అన్నయ్య వాయిస్ మెసేజ్‌లు, అన్నీ అందులోనే. కొత్త ఫోన్‌లో అదే నంబరు, అదే వాట్సాప్, అదే మనిషి. కానీ ఐఫోన్ వాట్సాప్ చూసేది ఐక్లౌడ్‌నే. గూగుల్ డ్రైవ్‌లో ఉన్న మూట దాని కంటికి ఆనదు.

దీనికి వాట్సాప్ కంపెనీ మార్గం చూపించకపోలేదు. 2021లో ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి మారే వీలు వచ్చింది, అదీ మొదట సామ్‌సంగ్ ఫోన్ల వాళ్లకే, కేబుల్ తగిలించుకుంటేనే. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారే దారి 2022లో తెరుచుకుంది. షరతులు: ఐఫోన్ కొత్తదైనా అయ్యుండాలి, లేదా అందులో ఉన్నదంతా తుడిచేసి ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు చేసుకోవాలి. రెండు ఫోన్లూ చార్జింగ్‌లో ఉండాలి. రెండూ ఒకే వై-ఫై మీద ఉండాలి. ఇదంతా పాత ఫోన్ బతికి ఉంటేనే. బ్యాకప్ ఉన్నదే పాత ఫోన్ పోతే ఆదుకోవడానికి కదా అని అమాయకంగా అడగకూడదు. పాత ఫోన్ బావిలో పడినవాళ్లు కొత్తది కూడా ఆండ్రాయిడే కొనుక్కోవాలని ఆ షరతులన్నిటి సారాంశం.

అదీ కొంటే సరిపోదు. కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్‌లో తీసిన ఫోన్ బ్యాకప్ అంతకంటే పాత వెర్షన్ ఉన్న ఫోన్‌లోకి దిగదని గూగుల్ తన సహాయ సూచనల్లోనే రాసుకుంది. ఆపిల్‌దీ దాదాపు అదే పద్ధతి. ఖరీదైన ఫోన్ పగిలి, పండగ బోనస్ వచ్చేదాకా ఇంట్లో మూలనున్న పాత ఫోన్‌తో గడుపుదామనుకునే మధ్యతరగతి మనిషి వీళ్ల లెక్కలో లేడు.

కంపెనీలు మారితే చిక్కులు తప్పవని సర్దిచెప్పేవాళ్లు మైక్రోసాఫ్ట్ చరిత్ర చూడాలి. అక్కడ ఇల్లూ ఒకటే, యజమానీ ఒకడే. 1993లో డాస్ 6 వచ్చినప్పుడు పాత బ్యాకప్ ప్రోగ్రామ్ పోయి కొత్తది వచ్చింది. విండోస్ 98లో తీసిన బ్యాకప్ ఫైలుని ఎక్స్‌పీలోని బ్యాకప్ ప్రోగ్రామ్ చదవలేదు. ఎక్స్‌పీలో తీసినదాన్ని దాని తర్వాత వచ్చిన విస్టా గుర్తుపట్టలేదు. విస్టాలో ఆ పాత ప్రోగ్రామే తీసేశారు. పాత ఫైళ్లు తెరవడానికి మాత్రమే పనికొచ్చే ఒక చిన్న సాధనాన్ని విడిగా డౌన్‌లోడ్ చేసుకోమన్నారు. ఇక విండోస్ 10, 11 కంట్రోల్ ప్యానెల్ తెరిస్తే ‘బ్యాకప్ అండ్ రీస్టోర్ (విండోస్ 7)’ అని ఈనాటికీ ఒక తలుపు కనిపిస్తుంది. 2009 నాటి పేరు బోర్డు అలాగే వేలాడుతోంది. ఆ తలుపు వెనక ఉన్న సిస్టమ్ ఇమేజ్ సౌకర్యానికి 2017లోనే కాలం చెల్లిందని ప్రకటించి, మొత్తం డిస్కు బ్యాకప్ కావాలంటే ఇతర కంపెనీల సాఫ్ట్‌వేర్ వాడుకోండని మైక్రోసాఫ్ట్ స్వయంగా సలహా ఇచ్చింది. అయినా తలుపు మూయలేదు. లోపలికి వెళ్లి ఇమేజ్ తీసుకునేవాళ్లు తీసుకుంటూనే ఉన్నారు.

ఆ ఇమేజ్‌ని వేరే కంప్యూటర్‌లో దించి చూసినవాళ్లకి నీలం తెర పరిచయమే. పాత మదర్‌బోర్డు బయాస్‌తో మొదలయ్యేది, కొత్తది యూఈఎఫ్‌ఐతో మొదలవుతుంది. పాతదానికి తెలిసిన డిస్క్ కంట్రోలర్ వేరు, కొత్తదాంట్లో ఉన్నది వేరు. డేటా అంతా భద్రంగానే ఉంటుంది, విండోస్ మాత్రం లేవదు.

ఇంత గొడవ లేకుండా ఉత్త ఫైళ్లు దాచుకుంటే చాలుగా అంటారు కొందరు. ఉత్త ఫైళ్లలోనే అసలు వినోదం. లినక్స్‌లో ఫైలు పేరులో 10:30 అని టైము రాసుకోవచ్చు. ఆ రెండు చుక్కలు విండోస్‌కి సరిపడవు. లినక్స్‌లో పెద్ద అక్షరంతో ఒక ‘రిపోర్ట్’, చిన్న అక్షరంతో ఇంకో ‘రిపోర్ట్’ పక్కపక్కనే కాపురం చేస్తాయి. విండోస్‌లోకి దించితే ఒకటి రెండోదాన్ని తుడిచేసే ప్రమాదముంది. ఫ్యాట్32 పెన్ డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలుని మోయనే మోయదు, పెళ్లి వీడియో అయినా సరే. విండోస్ డిస్కుని మ్యాక్ చదువుతుంది గానీ దానిమీద రాయనంటుంది. విండోస్‌కి మ్యాక్ డిస్కు చదవడమే రాదు. పెన్ డ్రైవ్‌లో ఒకసారి మ్యాక్ నుంచి ఫైళ్లు ఎక్కించుకుని తెస్తే వాటిలో చాలావాటికి చుక్కా, అండర్‌స్కోరూ తగిలించుకున్న ఒక దొంగ కవల పుట్టుకొస్తుంది. ఆ కవలలతో సహా బ్యాకప్ తీసుకుని ఫైళ్లు రెట్టింపయ్యాయని మురిసే ఆఫీసులు ఉన్నాయి.

తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లకి ప్రత్యేక మర్యాదలు. లినక్స్‌లో సాధారణంగా వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిషు అక్షరం ఒక బైటుతో సరిపెట్టుకుంటుంది. తెలుగులో ఒక్కో సంకేతానికి 3 బైట్లు కావాలి. ‘క్షే’ అన్న ఒక్క అక్షరంలో నాలుగు సంకేతాలు, అంటే 12 బైట్లు. విండోస్ లెక్క వేరు, అక్కడ 255 అంటే బైట్లు కాదు, సంకేతాలు. ‘తాతగారి పొలం దస్తావేజు, సర్వే నంబరు, సరిహద్దులు, అడంగల్ నకలు’ అంటూ మొదలై 255 బైట్లు దాటేదాకా సాగే పేరు పెట్టి విండోస్‌లో దాచుకున్న ఫైలు, లోపల లినక్స్ నడిచే బ్యాకప్ పెట్టెలోకి వెళ్లబోయి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఫైళ్లు వేలల్లో ఉన్నప్పుడు అలా ఆగిపోయిన నాలుగింటి గురించి ఎవరు చదువుతారు? లాగ్ ఫైలులో చివరెక్కడో ఉంటుంది.

ఐత్వం సంగతి మరీ చిత్రం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయొచ్చు, ఎత్వం కింద మరో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే. 2017లో కొత్త డిస్క్ పద్ధతి తెచ్చేదాకా మ్యాక్‌లు వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లని ఎప్పుడూ విడదీసే దాచేది. ‘వైద్యం ఖర్చులు’ అనే ఫైలు అక్కడికి వెళ్లి లినక్స్‌కి తిరిగొస్తే అది వేరే ఫైలు కింద లెక్క. పక్కపక్కన రెండు ‘వైద్యం ఖర్చులు’, రెండింటికీ ఒకటే స్పెల్లింగు, ఏది తాజాదో చెప్పే దిక్కు లేదు. ‘కైకలూరు’ ఫైలుకి ఇంత చరిత్ర ఉంటుంది, ‘గుడివాడ’ ఫైలుకి ఏ బాధా లేదు.

తెలుగు డీటీపీ సెంటర్ల వాళ్లు దీనికి నవ్వుకోవచ్చు, వాళ్లు చూసిన కష్టాలు ఇంతకు పదింతలు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, 2001లో వచ్చింది. అందులో అను ఫాంట్లతో కూర్చిన పుస్తకాల ఫైళ్లు డిస్కుల్లో ఒక్క బైటు పోకుండా ఉన్నాయి. ఆ ప్రోగ్రామూ, ఆ ఫాంటూ లేని కంప్యూటర్‌లో తెరిస్తే మాత్రం తెలుగు పుస్తకం పిచ్చి గీతలవుతుంది.

ఫైల్ సిస్టమ్‌లు వేరువేరు, అనుమతుల పద్ధతులు వేరు, అన్నిటినీ ఒకే గాటన కట్టడం ఎవరి తరమూ కాదని ఇంజినీర్లు చెబుతారు. నిజమే. ఎవరి తరమూ కానిదాన్ని అయినట్టు అమ్మడమే ఇక్కడి పేచీ. ఆ మాటకొస్తే 1979 నాటి యూనిక్స్ ఏడో ఎడిషన్‌తో వచ్చిన ‘టార్’ ఈ రోజుకీ లినక్స్‌లో ఉంది, మ్యాక్‌లో ఉంది, 2018 నుంచి విండోస్ 10లోనూ చేరింది. అది మొత్తం కంప్యూటర్‌ని లేపి నిలబెట్టలేదు, ఐత్వం తగాదా తీర్చలేదు. కానీ ఎక్కడ కట్టిన మూటనైనా ఎక్కడైనా విప్పుతుంది. దాన్ని ఎవరూ అమ్ముకోరు కాబట్టి దానికి ప్రకటనా లేదు, నాలుగు బొమ్మలూ లేవు.

ఇదంతా తెలియనివాళ్ల బాధే అనుకుంటే, లక్షల మంది ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కథ ఉంది. 2017 జనవరి 31 రాత్రి అక్కడి ఇంజినీరు ఒకరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశారు. దాదాపు 300 జీబీ. సంస్థకి బ్యాకప్ ఏర్పాట్లు ఒకటి కాదు, ఐదు. ఒక్కొక్కటే తెరిచి చూస్తే కొన్ని సరిగా పనిచెయ్యడం లేదు, కొన్నిటిని అసలు మొదలే పెట్టలేదు. రోజూ డేటాబేస్ నకలు తీయాల్సిన ప్రోగ్రామ్ 9.2 వెర్షన్‌ది, డేటాబేస్ 9.6ది. రెండూ ఆ డేటాబేస్ తయారుచేసే పోస్ట్‌గ్రెస్ వాళ్లవే, అయినా పొసగలేదు. నకలు వెళ్లి చేరాల్సిన అమెజాన్ క్లౌడ్‌లోని బకెట్ ఖాళీ. పని జరగలేదని హెచ్చరిస్తూ ఆ ప్రోగ్రామ్ మెయిళ్లు పంపే ఏర్పాటు ఉంది. సరైన ధ్రువీకరణ లేదని అవతలి మెయిల్ సర్వర్ వాటిని వెనక్కి కొట్టింది.

చివరికి పనికొచ్చింది, దాదాపు ఆరు గంటల ముందు ఒక ఇంజినీరు టెస్టింగ్ సర్వర్ కోసం చేత్తో తీసిపెట్టుకున్న స్నాప్‌షాట్. దాన్ని నెమ్మదిగా నడిచే డిస్కుల మీంచి కాపీ చేయడానికి సుమారు 18 గంటలు పట్టింది. ఆ పనిని గిట్‌ల్యాబ్ వాళ్లు యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశారు. మధ్యలో పోయిన ఆరు గంటల లెక్కని కూడా దాచకుండా బయటపెట్టారు: సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 కొత్త ఖాతాలు.