స్టాక్‌ఫిష్ ఆత్మకథ

చదరంగ ప్రోగ్రాం బలం రెండు పనుల పొందికలో ఉంటుంది: ఎత్తుకు పైఎత్తుగా ముందున్న ఆటను తరచి చూసే అన్వేషణ ఒకటి, అలా చేరిన స్థితి ఎవరికెంత అనుకూలమో అంకెలో తేల్చే మదింపు మరొకటి. అమీర్‌పేట, పంజాగుట్టల మధ్య ఒక హాస్టల్ గదిలో, కోడింగ్ నేర్చుకునే విద్యార్థి ల్యాప్‌టాప్‌లో నడుస్తున్న స్టాక్‌ఫిష్ తన జీవితమంతా ఈ రెండింటి మధ్య సాగిన బేరమేనని చెప్పుకుంటుంది.

టోర్డ్ రోమ్‌స్టాడ్ రాసిన గ్లౌరుంగ్ అనే చదరంగ ప్రోగ్రాం నుంచి 2008లో మార్కో కోస్టాల్బా దీన్ని మలిచినప్పుడు, మదింపు నిండా మనుషులు రాసిన షరతులే ఉండేవి. తెల్ల బిషప్ ఏ7 గడిలోని బంటును కొట్టాక, నల్లవారు మరో బంటును బీ6కు నెడితే దాని దారి మూసుకుపోతుంది కనుక, ఆ అమరిక కనబడగానే తెల్లవారి అంకెలో కోత పెట్టాలన్నది అలాంటి షరతే. బిషప్ నిజంగా చిక్కడానికి మరికొన్ని ఎత్తులు పడుతుంది. అంత దూరం చూడలేని అన్వేషణకు అది ఆసరా. అయితే మదింపు సెకనుకు లక్షల సార్లు జరుగుతుంది గనుక, ఎప్పుడో ఒకసారి అక్కరకొచ్చే షరతు ఖర్చును మిగిలిన స్థితులన్నీ భరించాలి. అన్వేషణ లోతు పెరిగాక ఆ షరతును తీసేశారు, అది న్యాయమే.

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి రోబోటిక్స్ సంస్థను నడిపిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మదింపు జ్ఞానానికీ అన్వేషణ వేగానికీ మధ్య ఈ పోటీ 1980లలోనే ముఖాముఖి నడిచింది: హాన్స్ బెర్లినర్ రూపొందించిన ‘హైటెక్’ అనే చదరంగ యంత్రం జ్ఞానానికి పెద్దపీట వేయగా, ‘డీప్ థాట్’ అనే మరో యంత్రం వేగాన్ని నమ్ముకుని 1988లో గ్రాండ్‌మాస్టర్ బెంట్ లార్సెన్‌ను ఓడించింది. దాని వారసత్వంగా వచ్చిన డీప్ బ్లూ 1997లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించినప్పుడు సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులు చూసిన మాట అందరికీ గుర్తుంది గానీ, వేల లక్షణాల మదింపును చిప్‌లోనే పొదగడం వల్ల జ్ఞానం వేగానికి అడ్డురాలేదన్న సంగతి అంతకంటే ముఖ్యం.

స్టాక్‌ఫిష్‌కు అలాంటి చిప్ లేదు. యూ నాసు 2018లో జపాన్ చదరంగం షోగీ కోసం రూపొందించిన చిన్న నాడీజాలం 2020లో ఇందులో చేరింది. ఒక ఎత్తుకు ఒకటి రెండు పావులే కదులుతాయి కాబట్టి, ఆ జాలం తొలి పొరలోని లెక్కను మొదటి నుంచి చేయకుండా మారిన మేరకే సరిచేసుకుంటుంది. అయినా సెకనుకు చూసే స్థితులు తగ్గాయి, బలం మాత్రం బాగా పెరిగింది. 2024 నాటి 16.1 విడుదలలో చేత్తో రాసిన మదింపు పూర్తిగా పోయింది. ప్రతి మార్పునూ 2013 నుంచి ఫిష్‌టెస్ట్ వ్యవస్థ గడియారం పెట్టి వేల ఆటలు ఆడించి తేలుస్తోంది గనుక, ఇందులో చేరే ఏ జ్ఞానమైనా తాను వాడుకున్న సమయానికి ఫలితం చూపాల్సిందే.