ప్రాణం ఖరీదు 300 డాలర్లు

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సర్కారు 1863లో తెచ్చిన నిర్బంధ సైనిక చట్టం అందరికీ సమానమే. కాకపోతే 300 డాలర్లు కట్టినవాడికి ఆ విడత మినహాయింపు. తనకు బదులు ఇంకొకణ్ణి పంపినవాడికీ మినహాయింపే. కూలివాడికి ఆ 300 డాలర్లు దాదాపు ఏడాది సంపాదన. తర్వాత రెండుసార్లు అధ్యక్షుడైన గ్రోవర్ క్లీవ్‌లాండ్ మరీ పొదుపరి, 150 డాలర్లకే మనిషిని మాట్లాడుకున్నాడు. ఆ జులైలో న్యూయార్క్ పేదలు తిరగబడ్డారు. పాపం, వాళ్ల కసి కూడా డబ్బున్నవాడికన్నా నల్లజాతి వాళ్లమీదే ఎక్కువ తీరింది.

బదులు వెళ్లినవాడు ఇష్టపడే, డబ్బు పుచ్చుకునే వెళ్లాడుగా అంటారు. నిజమే, కానీ ఆకలి దగ్గరుండి పెట్టించిన సంతకాన్ని ఇష్టమనాలంటే అన్నవాడి కడుపు నిండి ఉండాలి. కట్టిన సొమ్ము యుద్ధానికే పనికొచ్చిందిగా అన్నా, దాంతో కొనితెచ్చిందీ మరో పేదవాణ్ణే. వియత్నాం యుద్ధం నాటికి ఆ 300 డాలర్ల రసీదు పోయి కాలేజీ సీటు వచ్చింది: చదువుకున్నంతకాలం వాయిదా. 1969 డిసెంబరులో గాజు జాడీలో అందరి పుట్టినరోజులూ వేసి, ఎవరిని సైన్యంలోకి పిలవాలో లాటరీ తీశారు. కొత్త విద్యార్థులకు వాయిదా రద్దయింది మాత్రం 1971లో. అప్పటికే సైన్యం వెనక్కి వచ్చేస్తోంది.