పదకొండు రూపాయల పొదుపు

రక్షణ ఖర్చు తగ్గించే విద్యలో మన కడప సీమకు ఉన్న అనుభవం ఢిల్లీలో రక్షణ శాఖకు కూడా లేదు. అసలు ఈ జిల్లా ఈస్టిండియా కుంఫిణీ చేతికి వచ్చిందే ఒక సైనిక బిల్లు కింద. 1798లో హైదరాబాదు నిజాం అలీ ఖాన్ ఆరు పటాలాలను కుంఫిణీ దగ్గర బాడుగకు మాట్లాడుకున్నాడు. ఏడాదికి 24,17,100 రూపాయలు. రెండేళ్ళు తిరిగేసరికి ఈ నగదు తలనొప్పి ఎందుకనుకొని, 1800 అక్టోబరు 12న పటాలాల సంఖ్య పెంచుకొని, డబ్బుకు బదులు టిప్పు సుల్తాన్ నుంచి తన వాటాకొచ్చిన సీమను రాసిచ్చేశాడు. పెన్న ఒడ్డున ఉన్న చెన్నూరు, దాంతోపాటు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, అన్నీ ఆ బిల్లు కింద జమైనవే. ఏటా కట్టే బాడుగ తప్పింది కాబట్టి నిజాం ఖజానాకు అది పొదుపే. పోయిన ఊళ్ళు ఖర్చు పద్దులో కనపడవు గదా! ఆనాటి నుంచి ఈనాటి దాకా రక్షణ పొదుపులన్నీ ఈ పద్ధతిలోనే సాగుతున్నాయి. మిగిలిన రూపాయి ఒక దస్త్రంలో ఉంటుంది, పోయిందేమో ఇంకెవరి దస్త్రంలోనో తేలుతుంది. తీసేసిన సిపాయి మాత్రం ఏ దస్త్రంలోనూ ఉండడు. వాడు ఊళ్ళో ఉంటాడు.

సైన్యాన్ని తగ్గించకూడదని వాదించడానికి కాదు ఇదంతా. తగ్గించవచ్చు, చాలాసార్లు తగ్గించాలి కూడా. బాకీ తీర్చకుండా, తీసేసినవాడు రేపు ఏం చేస్తాడో రాసుకోకుండా తగ్గిస్తే సైన్యం ఎలా స్పందిస్తుందో చెప్పడానికి మన దగ్గర పాత నమూనాలు బోలెడున్నాయి. 1779 ప్రాంతంలో దువ్వూరు దగ్గర కడప నవాబు అబ్దుల్ హలీం ఖాన్ పఠాను సేన హైదర్ అలీకి లొంగిపోయింది. జామీను చూపించినవాళ్ళకు గుర్రం, కత్తి వదిలేశారు. ఒక ఎనభై మందికి జామీను నిలిచే దిక్కు లేదు. కత్తి ఇవ్వడం కంటే చావడం నయమని వాళ్ళు మొండికేశారు. సరే ఉండనిమ్మన్న హైదర్ కొలువులో తర్వాత ఎవరికో భద్రత గుర్తుకొచ్చింది. ఆ రాత్రి వాళ్ళ ఆయుధాలు లాక్కోబోయారు. పఠాన్లు కాపలావాళ్ళను నరికి నేరుగా హైదర్ డేరా మీదికే పోయారు. అలికిడి విన్న హైదర్ పొడవాటి దిండు ఒకటి పక్క మీద పెట్టి, పైన దుప్పటి కప్పి, డేరా గుడ్డ కోసుకొని వెనక నుంచి జారుకున్నాడు. లోపలికి దూకినవాడు దిండును నరికాడు. కుంఫిణీ చరిత్రకారుడు మార్క్ విల్క్స్ రాసిపెట్టిన ముచ్చట ఇది. ఆయుధాల తగ్గింపు మీద సైన్యం అభిప్రాయాన్ని ఇంత సూటిగా నమోదు చేసిన పత్రం మరే మంత్రిత్వ శాఖలోనూ దొరకదు.

ఇదే పని మర్యాదగా జరిగిన సందర్భమూ ఉంది. నిజాం కొలువులో ఫ్రెంచి దొర రేమాన్ తయారు చేసిన పటాలాల్లో పద్నాలుగు వేల మంది దాకా ఉండేవాళ్ళు. 1798 మార్చిలో రేమాన్ పోయాడు. కుంఫిణీతో ఒప్పందం ప్రకారం ఆ పటాలాలను రద్దు చేయాలి. ఆ మాట బయటికి పొక్కగానే సిపాయిలు తిరగబడ్డారు. ఫ్రెంచి దేశం మీద అభిమానంతో కాదు, జీతం బకాయిల కోసం. తమ అధికారులనే పట్టి బంధించారు. అక్టోబరు 22న ఇంగ్లీషు సేన చుట్టుముట్టి నిలబడింది. జాన్ మాల్కమ్ వెళ్ళి బకాయిలు ఇప్పిస్తామని మాట ఇచ్చాడు. నెత్తురు చుక్క రాలకుండా అంతమందీ ఆయుధాలు కింద పెట్టి వెళ్ళిపోయారు. చుట్టూ ఫిరంగులు ఉన్నాయి కాబట్టి పెట్టారని ఎవరైనా అనవచ్చు. ఫిరంగుల పాత్ర ఉంది, కాదనను. కానీ ఎనభై మంది పఠాన్ల చుట్టూ కూడా ఒక పూర్తి సైన్యం ఉంది. అక్కడ లేనిది నమ్మదగిన మాట ఒక్కటే.

ఇక అసలు కథ కట్టుబడులది. 1800లో థామస్ మన్రో ఈ జిల్లాలకు పెద్ద కలెక్టరుగా వచ్చేసరికి 80 మంది పాలెగాళ్ళు, వాళ్ళ చేతికింద 30 వేల మంది ఆయుధాలు పట్టిన బంట్లు ఉన్నారని లెక్క తేలింది. పులివెందుల పక్కన వేముల పాలెగాడు, జమ్మలమడుగు ఎగువన నొస్సం పాలెగాడు ఆ జాబితాలోవాళ్ళే. కట్టుబడి బంటుకు నెల జీతం ఉండదు, మాన్యం ఉంటుంది. ఆ భూమి దున్నుకుంటాడు, పిలిచినప్పుడు బల్లెం పట్టుకొస్తాడు. మన్రో పాలెగాళ్ళ కోటలు ఖాళీ చేయించాడు, మాట వినని వాళ్ళను తరిమాడు, విన్నవాళ్ళకు పింఛను కట్టాడు. ఆ దూకుడు లండన్‌లోని డైరెక్టర్లకే నచ్చక ఆక్షేపించారు. ఆ మాట ఎలా ఉన్నా, బల్లెం పట్టినవాడిని కాస్త భూమి మీద నిలబెట్టి ఊరి కావలికి వాడుకుంటే మేలన్న ఇంగితం ఆయనకు ఉండేది. ఆయన వెళ్ళాక వచ్చిన గుమాస్తాలకు భూమి కనపడింది గానీ బల్లెం కనపడలేదు. కట్టుబడి చనిపోతే మాన్యం సర్కారుకు జమ. వారసుడు లేని పాలెగాడు చనిపోతే పింఛను జమ. ఆయుధం మాత్రం ఎవరూ జమ చేసుకోలేదు, అది కొడుక్కే పోయింది.

నొస్సం పాలెగాడి మనవడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి నెలకు వచ్చే భరణం 11 రూపాయల 10 అణాల 8 పైలు. చివరి ఎనిమిది పైల దాకా ఎంత నిక్కచ్చిగా లెక్కగట్టారో చూడండి. అంత నిక్కచ్చి మనుషులకు, మాన్యాలు పోయిన కట్టుబడులంతా ఎవరి వాకిట్లో చేరుతున్నారన్నది మాత్రం లెక్కకు రాలేదు. 1846 జులై 10న ఆయన వెంట వాళ్ళు వందల్లో వచ్చి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. అప్పటికి కోయిలకుంట్ల కడప కలెక్టరు కింద ఉండేది. తహసీల్దారు చచ్చాడు, ఖజానా పోయింది. కలెక్టరు కాక్రేన్ పటాలాలను పిలిపించాల్సి వచ్చింది. ఇంగ్లీషు అధికారులు వాట్సన్ ఒక వైపు, నోల్ట్ ఇంకో వైపు, గిద్దలూరు దాకా కొండలు పట్టి వెతుకులాట. అక్టోబరు 6న పేరుసోమల కొండ దగ్గర నరసింహారెడ్డిని పట్టుకున్నారు. వందల మంది మీద కేసులు నడిచాయి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరి తీసి, తలను కోట గుమ్మానికి వేలాడదీసి ముప్పై ఏళ్ళు, అంటే 1877 దాకా, అలాగే ఉంచారు. నాలుగు మాన్యాలు మిగుల్చుకున్న పొదుపు కార్యక్రమానికి ఇది తుది పద్దు. 2019లో దీని మీద పెద్ద సినిమా వచ్చింది. కత్తుల చప్పుడు బాగా వినపడింది గానీ మాన్యాల లెక్క తెర మీదికి ఎక్కలేదు. లెక్కల సినిమాకు టికెట్లు ఎవరు కొంటారు లెండి.

పాలెగాళ్ళేమన్నా దేవతలా, ఊళ్ళు దోచి తిన్న ముఠాలు కావా, వాటిని రద్దు చేయడం తప్పా అని అడుగుతారు. తప్పు కాదు. ఎక్కువమంది రైతులకు పాలెగాడి బంటు కన్నా సర్కారు బంట్రోతు నయమనిపించే రోజులు అవి. కాకపోతే రద్దు చేయడం ఒక పని, రద్దయినవాడి కూడు లాక్కోవడం రెండో పని. మొదటిదాన్ని పరిపాలన అంటారు. రెండోదాన్ని కూడా పరిపాలనే అని రాసుకుంటారు, తేడా పదేళ్ళ తర్వాత తెలుస్తుంది.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 2022 జూన్ 14న సైన్యంలోకి అగ్నివీరుల పేరుతో జవాన్లను తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించారు. నాలుగేళ్ళ కొలువు, నలుగురిలో ఒకరినే ఉంచుకుంటారు, మిగతా ముగ్గురికి సేవా నిధి పేరుతో 11.71 లక్షలు ఇచ్చి పంపిస్తారు. పింఛను లేదు. ఆ 11.71లో సగం వాడి జీతంలో నెలనెలా కోసిందీ, దాని వడ్డీ. పదకొండు అంకెకూ మన సీమకూ ఏదో రుణానుబంధం ఉన్నట్టుంది. కరోనా పేరుతో రెండేళ్ళుగా భర్తీ ఆగిపోయి, పొద్దున్నే రోడ్ల మీద పరుగులు తీస్తూ ఎదురు చూస్తున్న పిల్లలు జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్ళు తగలబెట్టారు. కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రాడు ఒకడు చనిపోయాడు. రైళ్ళు తగలబెట్టడం నేరం, సందేహం లేదు. రెండు రోజులకే త్రివిధ దళాల అధికారులు మీడియా ముందు వరుసగా కూర్చొని, పథకం వెనక్కి పోదు, అల్లర్లలో ఉన్నవాడికి సైన్యంలో చోటు లేదు అని చెప్పారు. ఇది సైన్యం అధికారిక స్పందన.

అనధికారిక స్పందనకు పదవీ విరమణ దాకా ఆగాలి. 2022 ఏప్రిల్‌లో దిగిపోయిన సైన్యాధిపతి నరవణె రాసుకున్న జ్ఞాపకాల నుంచి 2023 చివర్లో పత్రికలకెక్కిన భాగాల ప్రకారం, సైన్యం అనుకున్నది 75 శాతం మందిని ఉంచుకొని 25 శాతాన్ని పంపడం. పైకెళ్ళి కిందికి వచ్చేసరికి అంకెలు అవే ఉన్నాయి, చోట్లు మారాయి. మొదట నెలకు 20 వేలు చాలన్నారట, పట్టుబడితే 30 వేలైంది. నౌకాదళం, వైమానిక దళాలకైతే అది పిడుగుపాటట. కుర్చీలో ఉన్నంతసేపూ సంస్కరణ, కుర్చీ దిగాక పిడుగు! ఇది మనవాళ్ళ ప్రత్యేకతేమీ కాదు. 2021లో బ్రిటన్ తన సైన్యాన్ని 72,500కి, చాలెంజర్ ట్యాంకులను 227 నుంచి 148కి కుదిస్తామని ప్రకటించినప్పుడు కూడా గొంతు పెద్దగా వినపడింది మాజీలదే. పింఛను ఖాయమైన నోటికి వచ్చే ధైర్యం వేరు. ఆ లెక్కన పింఛను లేని అగ్నివీరులు జీవితాంతం మౌనంగా ఉంటారని ఢిల్లీ అంచనా వేసి ఉండవచ్చు.

ప్రభుత్వం వైపు బలమైన వాదన ఒకటుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. 2025-26లో రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు. అందులో పింఛన్లే 1.61 లక్షల కోట్లు. కొత్త ఆయుధాలు, విమానాలు, ఓడలు వగైరాలకు పెట్టే మూలధన పద్దు 1.80 లక్షల కోట్లు. రేపటి ఫిరంగికి పెట్టే ఖర్చును నిన్నటి సిపాయికిచ్చే పింఛను దాదాపు అందుకుంటుంటే ఏదో ఒకటి చేయాల్సిందే. మంచి మాట. అయితే పింఛను తగ్గి మిగిలే డబ్బు విమానాలవుతుందన్న నమ్మకం ఎంత? మిగ్-21లను 2025 సెప్టెంబరు 26న సాగనంపాక వైమానిక దళంలో 29 స్క్వాడ్రన్లు మిగిలాయి. ఉండాల్సినవి 42. వీటిని తగ్గించమని ఏ మంత్రీ సంతకం పెట్టలేదు, వాటంతటవే తగ్గాయి. 83 తేజస్ మార్క్-1ఏ విమానాలకు 2021 ఫిబ్రవరిలోనే ఒప్పందం కుదిరింది, 2024 మార్చి నుంచి రావాలి. మిగ్‌లు వెళ్ళిపోయే రోజుకు ఒక్కటీ రాలేదు. అమెరికా నుంచి ఇంజన్లు ఆలస్యమయ్యాయన్నారు. వైమానిక దళాధిపతి ఏపీ సింగ్ కొలువులో ఉండగానే నోరు విప్పి, సకాలంలో పూర్తయిన ప్రాజెక్టు ఒక్కటి కూడా తనకు గుర్తు రావడం లేదన్నారు. ఆయుధాల తయారీలో ఇది కొత్త రోగం కాదు లెండి. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా మన గండికోటలో ఫ్రెంచివాడొకణ్ణి పెట్టి, గుళ్ళలోని విగ్రహాలు కరిగించి ఫిరంగులు పోయమంటే, చివరకు పనికొచ్చే ఫిరంగి ఒక్కటీ తేలలేదని ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే రాశాడు. అప్పుడు ఇంజన్ల సాకు లేదు.

కట్టుబడికీ అగ్నివీరుడికీ పోలికేమిటి, వీళ్ళు చదువుకున్నవాళ్ళు, క్రమశిక్షణ నేర్చినవాళ్ళు, ఖజానాల మీద పడతారా అని అడగవచ్చు. పడరు, ఆ మాట నేనూ అనడం లేదు. తిరగబడకపోతే బాకీ లేనట్టే అనుకోవడం దగ్గరే నా పేచీ. 2022 డిసెంబరు, 2023 జనవరిల్లో శిక్షణకు చేరిన మొదటి జట్లకు నాలుగేళ్ళు నిండేది 2026 చివర్లో, 2027 మొదట్లో. బయటికి పంపిన ముగ్గురిలో ఒకడు ప్రొద్దుటూరు బస్టాండులో దిగుతాడనుకుందాం. వయసు ఇరవై మూడు, నాలుగు, చేతిలో ట్రంకు పెట్టె, బ్యాంకులో సేవా నిధి. కేంద్ర సాయుధ బలగాల్లో రిజర్వేషన్ ఉంది గదా అని వాడికి చెబుతారు. ఉంది. రిజర్వేషన్ రావాలంటే ఉద్యోగం పడాలి, ఉద్యోగం పడాలంటే నోటిఫికేషన్ రావాలి, నోటిఫికేషన్ రావాలంటే ఖాళీ నింపడానికి ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. ఆర్థిక శాఖ ప్రస్తుతం ఖర్చు తగ్గించే పనిలో ఉంది.