మెమ్వార్ వీరుడు

ఎం.ఏ. ఫ్రెంచ్ చివరి సంవత్సరం చదివే శాల్తీని పోల్చుకోవడం తేలిక. టాపిక్ ఏమిటని అడిగితే చాలు. జులైలో అడిగితే "ఫ్రెంచ్, తెలుగు సాహిత్యాలు: తులనాత్మక పరిశీలన" అని చేతులు బారచాపి చెబుతాడు. దసరా నాటికి అది "ఆల్బేర్ కామూ నవలలు" అవుతుంది. సంక్రాంతికి ఒక్క నవల మిగులుతుంది, 1942లో వచ్చిన "లెత్రాంజే". మార్చిలో ఎదురైతే మాత్రం, చేసిన అప్పు గురించి చెప్పినంత మెల్లగా "అందులో ఒక సర్వనామం" అంటాడు. కొండను తవ్వి ఎలుకను పట్టాడని చుట్టాలు నవ్వుతారు. ఆ నవ్వులో న్యాయం తక్కువ. కొండ దారిన పోయే ప్రతివాడికీ కనిపిస్తుంది. తవ్వితేగానీ దొరకనిది ఎలుకే. ఈ మెమ్వార్ వీరుడి టాపిక్ ఎంత చిక్కిపోతే అతని పరిశోధన అంత ఒళ్ళు చేసినట్టని నా వాదన.

మెమ్వార్ అంటే డిగ్రీ కోసం రాసి సమర్పించే పరిశోధన వ్యాసం. ముందు "లె" పెడితేనే ఆ అర్థం. పొరపాటున "లా" పడిందా, అది జ్ఞాపకశక్తి అయిపోతుంది. "నా జ్ఞాపకశక్తిని గైడ్‌గారికి సమర్పిస్తున్నాను" అని మొదటి పేజీలోనే రాసే ప్రమాదం పొంచి ఉంటుంది. కాగితం మీద ఇది స్వతంత్ర పరిశోధన, కాకపోతే గైడ్ పర్యవేక్షణలో. "నీ ఇల్లే అనుకోమ్మా" అని కొత్తకోడలికి ఇచ్చే స్వాతంత్ర్యం ఎంతో ఇదీ అంతే. ఉప్పు డబ్బా జరిపినా అత్తగారు ఎందుకని అడుగుతారు. అసలు విషయం జోలికి పోకముందే చుక్కల దగ్గర పంచాయితీ. ఫ్రెంచ్ అచ్చులో ప్రశ్నార్థకానికీ కోలన్‌కూ ముందు కాస్త ఖాళీ వదలాలి. తెలుగు వేళ్ళు వదలవు. గైడ్‌గారి ఎర్ర పెన్ను ఆ లేని ఖాళీల్లోనే కాపురం పెడుతుంది. పైగా ఫ్రెంచ్ పరిశోధన మర్యాదలో "నేను" అనడం పొగరుగా ఉంటుందని, హాస్టల్ గదిలో ఒంటరిగా కూర్చుని "ను" అని బహువచనంలో రాసుకుంటాడు. దాన్ని తెలుగు చేస్తే మేమా, మనమా? అధ్యాయం బాగా వస్తే గైడ్‌గారు "మనం" అని చదువుకుంటారు; ఎర్రగీతలు పడ్డ పేజీల్లో అది నిస్సందేహంగా "మేము".

ఇంత చాకిరీ చేసి పట్టిన సర్వనామం "ఇల్". తెలుగులో ఒక మగమనిషి గురించి నోరు విప్పాలంటే ముందు లెక్క తేలాలి: వాడా, అతనా, ఆయనా, వారా? ఫ్రెంచ్‌కు ఆ బాధ లేదు. జడ్జిగారైనా జేబుదొంగైనా "ఇల్" ఒక్కటే, కుక్కకూ అదే. ఇప్పుడు నవలలో కథకుడి పొరుగున ఉండే ముసలాయన సాలమానోను చూడండి. ఎనిమిదేళ్ళుగా ఒక గజ్జికుక్కను తిప్పుతూ, తిడుతూ, కొడుతూ ఉంటాడు. కలిసి ఉండీ ఉండీ ఒకరి పోలికలు ఒకరికి వచ్చాయంటాడు కథకుడు. మూలంలో ఆ పోలికను వ్యాకరణం కూడా మోస్తుంది, ఇద్దరికీ ఒకే సర్వనామం కాబట్టి. తెలుగులోకి దించగానే జత విడిపోతుంది: ఆయన ఆయనే, అది అదే. ఇద్దరినీ కలిపి చెప్పాల్సిన చోట మరీ ఇరకాటం. "వాళ్ళు" అంటే కుక్కకు ప్రమోషన్, "అవి" అంటే ముసలాయనకు డిమోషన్.

కామూ మీద ఫ్రెంచ్‌వాళ్ళే ఎనభై ఏళ్ళుగా రాస్తుంటే తార్నాకలో కూర్చున్నవాడు కొత్తగా చెప్పేదేముంది అని ఒక ఆక్షేపణ. 1943లోనే సార్త్ర్ ఆ నవలలోని భూతకాల క్రియను, దీవుల్లా విడివిడిగా నిలిచిన వాక్యాలను పట్టుకున్న మాట నిజం. కానీ "ఇల్"కు ఎంత మర్యాద ఇవ్వాలన్న ప్రశ్న, మర్యాదను సర్వనామంలో తూచి ఇచ్చే భాషలో పుట్టినవాడికే ముందు తడుతుంది. ఫోన్లో యాప్ అరనిమిషంలో అనువదిస్తుంది కదా అని రెండో ఆక్షేపణ. చేస్తుంది, ఏదో ఒక మాట వేసి ఊరుకుంటుంది. వైవాలో "ఆయన ఎందుకు, వాడు ఎందుకు కాదు?" అని అడిగితే నీళ్ళు నమలాల్సింది మనవాడే, ఆ నమలడంలోనే చదువంతా ఉంది. మూడోది మేనమామ ఆక్షేపణ: "ఈ సర్వనామానికి ప్యాకేజీ ఎంత్రా?" దీనికి సూటి జవాబు లేదని ఒప్పుకోవాలి.

అసలు లాభం వేరేచోట తేలుతుంది. మనిషికీ కుక్కకీ ఒకే మాటా అని ఫ్రెంచ్‌ను ఎగతాళి చేసినవాడు, ఒకరోజు "అమ్మ వచ్చింది, కుక్క వచ్చింది" అనబోయి ఆగిపోతాడు. నాన్న అయితే "వచ్చాడు", లేదా "వచ్చారు"; అమ్మకూ కుక్కకూ మాత్రం క్రియ ఒక్కటే. మాటలు వచ్చిన నాటి నుంచీ నోట్లో ఉన్న భాష ఇంత దగ్గరగా కనబడటానికి కామూ రాసిన ఆల్జియర్స్ దాకా పోయి రావలసి వచ్చింది. జులై నాటి కొండ మీద నిలబడి ఉంటే ఇది కంటికి ఆనేదే కాదు.

ఇంతసేపూ మన వీరుణ్ణి "అతను" అంటూ వచ్చాను. వైవా గట్టెక్కి ఎక్కడైనా లెక్చరర్‌గా చేరితే "ఆయన" అనాలి. గట్టెక్కకపోతే చుట్టాలు "వాడు" అంటారు. మెమ్వార్ రాసిన భాషలో ఆ బెంగ లేదు. ఎటు తిరిగినా "ఇల్".