కదలు బండి, నీవు కదలవలదు (టీకా తాత్పర్య సహితం)

మూలం:

తొక్కి క్లచ్చు గేరు తోయుమా ముందుకు
మెల్ల మెల్లగాను మీదికెత్తు
వణకు మొదలు కాగ వదలక నిలుపుము
కదలు బండి, నీవు కదలవలదు

అవతారిక: ముప్పై నాలుగేళ్ళు కాలేజీలో తెలుగు చెప్పి, అరవయ్యొకటో ఏట డ్రైవింగ్ స్కూల్లో చేరాను. గురువుగారి వయసు ఇరవై నాలుగు. ఆయన నన్ను అంకుల్ అనేవాడు, నేను ఆయన్ని మాస్టారూ అనేవాణ్ణి. ఆయన ఉపదేశమంతా వచనమే: "తొక్కండి అంకుల్... గేరెయ్యండి... మెల్లగా, మెల్లగా... అక్కడాపండి! వదలొద్దు!" రోజూ ఉదయం ఆరున్నరకు వినే ఈ మాటలను మరిచిపోకుండా ఉండేందుకు ఆటవెలదిలో పెట్టుకున్నాను. గణాలు సరిపోయాయి, యతి కుదిరింది. బండి కదల్లేదు. అందుకని వ్యాఖ్యానం అవసరమైంది.

ప్రతిపదార్థం: క్లచ్చు = ఎడమ పాదం కింది పెడలును; తొక్కి = అడుగంటా అదిమి; గేరు = గేరు రాడ్డును; ముందుకు తోయుమా = మొదటి గేరులోకి నెట్టుము; మెల్ల మెల్లగాను = అత్తారింట్లో అర్ధరాత్రి తలుపు తీస్తున్నట్టు; మీదికి + ఎత్తు = పాదమును పైకి తెమ్ము; వణకు మొదలు కాగ = బండిలో సన్నని కంపము పుట్టగా; వదలక = పాదము తీసివేయక; నిలుపుము = ఉన్నచోటనే ఉంచుము; బండి = కారు; కదలు = తానే కదలును; నీవు = (వివాదాస్పదం, చివర చూడుడు); కదలవలదు = కదలరాదు.

తాత్పర్యం: హాఫ్ క్లచ్.

వ్యాఖ్య: "తొక్కి" అన్నది క్త్వార్థకం. ముందు పని పూర్తయ్యాకే తరవాతి పని అని దాని అర్థం. కొత్తవాళ్ళు దీన్ని శత్రర్థకంగా పొరబడి, తొక్కుతూ గేరు మారుస్తారు. ఇంజను వైపు ఫ్లైవీలు, గేరుబాక్సు వైపు క్లచ్చు ప్లేటు, ఈ రెంటినీ స్ప్రింగు బలంతో అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు. పెడలు పూర్తిగా తొక్కినప్పుడే ఆ పట్టు విడుతుంది. సగం తొక్కి గేరు తోస్తే లోపల పళ్ళు పళ్ళు రాసుకుని గర్రుమంటాయి. అది శబ్దాలంకారమని నేను సమర్థించుకోబోతే గురువుగారు ఒప్పుకోలేదు.

ఇక్కడొక చిక్కు ఉంది. సైకిలు తొక్కితే కదులుతుంది, కుట్టుమిషను తొక్కితే కుడుతుంది. లోకంలో తొక్కడమంటే పని జరిపించడం. క్లచ్చు ఒక్కటే తొక్కితే పని ఆగుతుంది, వదిలితే జరుగుతుంది. అరవయ్యేళ్ళ లోకానుభవం ఇక్కడ కాలికి అడ్డం పడింది.

"మీదికెత్తు" ఇకార సంధి, వైకల్పికం. గేర్ల సంధికి మాత్రం వికల్పం లేదు. గేరుకు గేరు పరమైనప్పుడు నడుమ న్యూట్రల్ ఆగమంగా వస్తుంది. పాత లారీల్లో ఈ సంధికార్యం మరీ కష్టం. కింది గేరు వెయ్యాలంటే క్లచ్చు తొక్కి న్యూట్రల్‌కు తేవాలి, క్లచ్చు వదలాలి, ఎక్సలేటర్ కొంచెం ఇచ్చి లోపలి చక్రాల వేగం పెంచాలి, మళ్ళీ క్లచ్చు తొక్కి అప్పుడు గేరు వెయ్యాలి. దీన్నే డబుల్ క్లచ్ అంటారు. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లకు సింక్రోమెష్ పెట్టాక ఈ ద్విరుక్తి తప్పే రోజులొచ్చాయి. గేర్లు కలిసేముందు చిన్న శంకువు లాంటి రింగు ఒకటి రాసుకుని రెంటి వేగాలనూ సమం చేస్తుంది. సంబంధం ఖాయం చేసేముందు రెండిళ్ళకూ తిరిగే పెద్దమనిషి పని దానిది.

"ముందుకు" అన్న పదానికి పాఠాంతరాలున్నాయి. పాత అంబాసిడర్లలో, పద్మినీల్లో గేరు రాడ్డు స్టీరింగు పక్కనే మొలిచి ఉండేది. ఆ సంప్రదాయం వాళ్ళు ఈ పాదాన్ని అంగీకరించరు. ఇక రివర్సు విషయంలో శాఖాభేదాలు లెక్కలేనన్ని. కొన్ని బళ్ళలో ఐదో గేరు కింద ఉంటుంది, కొన్నిట్లో రాడ్డు మీది రింగు పైకి లాగితే గానీ పడదు. గ్రంథవిస్తర భీతితో వదిలేస్తున్నాను. నాకు రివర్సు సరిగ్గా రాకపోవడమూ ఒక కారణమే.

"వణకు". పద్యానికి ప్రాణం ఈ మాటలో ఉంది. అలంకారికులు చెప్పిన సాత్త్విక భావాలు ఎనిమిది: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభంగం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. ఎనిమిదీ ఒకేచోట కనబడే కావ్యం కోసం ఉద్యోగమున్నంత కాలం వెతికాను. చివరికి కారులో దొరికాయి. పాదం మెల్లగా లేస్తుంటే ఫ్లైవీలును ప్లేటు జారుతూ జారుతూ తాకుతుంది. ఇంజను మీద బరువు పడి దాని గొంతు బొంగురుపోతుంది: స్వరభంగం. స్టీరింగులోకీ సీటులోకీ సన్నగా కంపం పాకుతుంది: వేపథువు. ఆ రెండూ తెలిసిన క్షణమే హాఫ్ క్లచ్. ఆ క్షణం దాటి పాదం ఎగిరిపడిందా, ఇంజను స్పృహ తప్పుతుంది. అలంకారశాస్త్రంలో ప్రళయమంటే మూర్ఛేనని విద్యార్థులకు ఎన్నిసార్లు చెప్పానో! స్తంభం, స్వేదం శిష్యుడివి. వైవర్ణ్యం గురువుగారిది. రోమాంచం, వెనక లారీవాడు హారన్ కొట్టినప్పుడు. అశ్రువు సంగతి, హాఫ్ క్లచ్ మీదే బండి నడిపి ప్లేట్లు అరగదీసుకున్నవాళ్ళు బిల్లు చూశాక చెబుతారు.

ఈ వణుకు ఎక్కడ పుడుతుందో మాటల్లో చెప్పడానికి వీల్లేదు. సగం దగ్గరా అంటే పేరుకే సగం. ఒక బండిలో కిందనే పుడుతుంది, ఇంకో బండిలో బాగా పైన. అదెక్కడో నేను పన్నెండు రోజులు అడిగాను. ఆయన పన్నెండు రోజులూ "వస్తుంది అంకుల్" అన్నాడు. ఇంతకంటే మంచి వ్యాఖ్య నేనూ రాయలేను.

ఎత్తు మీద ఈ వణుకే దిక్కు. హ్యాండ్ బ్రేకు లాగి ఉంచి, పాదం ఎత్తుతూ వణుకు పట్టి, కాస్త ఎక్సలేటర్ ఇచ్చి, అప్పుడు బ్రేకు దించాలి. ప్రమాణం కావాలన్నవారికి, 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 15వది ఉంది. నిటారు ఎత్తులో బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించగలడా అని అభ్యర్థిని పరీక్షించమంటుంది. స్మృతికారులకు హైదరాబాదు ఫ్లైఓవర్లు ముందే కనిపించాయేమో.

పూర్వపక్షం: "ఆటోమేటిక్ బళ్ళొచ్చాక ఈ క్లచ్చు పురాణం ఎందుకండీ?" ఈ ప్రశ్న మా అల్లుడిది. సమాధానం: 2014లో మారుతి సెలెరియోతో మన మధ్యతరగతి ఇళ్ళకు చేరిన ఏఎంటీలో క్లచ్చు పోలేదు బాబూ. లోపల మామూలు క్లచ్చే, మామూలు గేర్లే. తొక్కే పని మోటారుకో హైడ్రాలిక్ యంత్రానికో అప్పగించారు. క్రియ అదే, కర్త మారాడు.

ఇంకొకరు: "దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుంది." మిగలదు. ఇప్పటి ఇంజెక్షన్ బళ్ళలో గేరులో ఉంచి ఎక్సలేటర్ మీంచి కాలు తీస్తే ఇంజనుకు ఇంధనం పోవడమే ఆగుతుంది. న్యూట్రల్‌లో ఆగకుండా ఉండటానికైనా కొంత తాగుతూనే ఉంటుంది. పైగా తిరుమల పాత ఘాట్ రోడ్డు దిగుతూ న్యూట్రల్ వేసేవాడు బ్రేకులనే నమ్ముకోవాలి. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పితే ఆ తరవాత గోవిందనామమే. ఎక్కడానికి ఏ గేరు అయితే దిగడానికీ ఆ గేరేనని పాత డ్రైవర్లు ఊరికే అనలేదు.

ఇక "నీవు కదలవలదు". బండి కదలాలి, అందులో ఉన్న నీవు కదలకూడదు: విరోధాభాసం. పాదాన్ని కదపవద్దని అర్థం చెప్పుకుంటే పరిహారం. అయితే "నీవు" ఎవరన్నది అంత తేలిక కాదు. మొదటి వారం నేను బండిని పట్టులా నడిపాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంటికొచ్చి మా ఆవిడతో గొప్పలు చెప్పుకున్నాను. ఎనిమిదో రోజున కిందికి చూస్తే గురువుగారి కాళ్ళ దగ్గర ఇంకో క్లచ్చు, ఇంకో బ్రేకు ఉన్నాయి. డ్రైవింగ్ స్కూలు బళ్ళకు అవి ఉంటాయట. వారమంతా కర్త ఆయనే. నేను ఉత్త నిమిత్తమాత్రుణ్ణి. ఆ రోజు నుంచి బండి కదిలినప్పుడల్లా, కదిపినది ఎవరు అన్న జిజ్ఞాస పట్టుకుంది.

ఇరవై ఆరో రోజున, రైల్వే బ్రిడ్జి ఎక్కే చోట సిగ్నల్ పడింది. హ్యాండ్ బ్రేకు. తొక్కి, తోసి, మెల్ల మెల్లగా ఎత్తాను. స్వరభంగం, వేపథువు. నిలిపాను. బ్రేకు దించాను. బండి వెనక్కి జారకుండా ముందుకు పాకింది. ఎవరిదీ కర్తృత్వం అని పక్కకు తిరిగి చూశాను. గురువుగారు రెండు కాళ్ళూ మడిచి సీటు మీద పెట్టుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ సంతోషంలో నా ఎడమ పాదం కదిలింది.

ప్రళయం.