మంటకూ నీటికీ నడుమ

నేను హెడ్ గ్యాస్కెట్‌ని. 1978 మోడల్ అంబాసిడర్‌లో, ఇంజన్ బ్లాకుకూ దాని మీద కూర్చునే హెడ్డుకూ నడుమ నలిగి బతికాను. రెండు రాగి రేకులు, వాటి మధ్య ఆస్‌బెస్టాస్: అదే నా ఒళ్ళు. నాలోని నాలుగు పెద్ద రంధ్రాల్లో 2,000 డిగ్రీలు దాటే మంట. వాటి చుట్టూ చిన్న రంధ్రాల్లో నీళ్ళు. ఒక పక్కన ఆయిలు దారి. ఈ మూడూ ఒకదాన్నొకటి తాకకుండా కాయడమే నా కొలువు.

మా బండి పిడుగురాళ్ళలో ఒక రిటైర్డ్ మాస్టారిది. సున్నపు బట్టీల ఊరు, బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లగా కట్టేది. ఆ నీళ్ళే రేడియేటర్‌కూ పోసేవారు. ఒకసారి రేడియేటర్ కారుతుంటే డ్రైవరు గుప్పెడు పసుపు వేశాడు. పాత డ్రైవర్లందరికీ తెలిసిన చిట్కా అది. కారడం ఆగింది నిజమే. ఆ తరవాత పసుపూ సున్నమూ కలిసి సన్నటి గొట్టాల్లో గట్టిపడ్డాయి. నీళ్ళు తిరగడం తగ్గిన కొద్దీ నాకు వేడి పెరిగింది.

మే నెలలో గుంటూరు వెళ్తుంటే సత్తెనపల్లి దాటాక బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. మా ఇంజన్‌లో రెండో సిలిండరుకూ మూడోదానికీ పొగ బయటికి పోయే దారి ఒక్కటే, అందుకే హెడ్డు నడిమి భాగం అన్నిటికన్నా ఎక్కువ కాగుతుంది. హెడ్డు అక్కడే వంగింది. బిగువు తప్పిన ఆ సందులో మంట దూరి నా రాగిని తినేసింది.

బెజవాడ ఆటోనగర్‌కు లాక్కొచ్చారు. "గ్యాస్కెట్ పోయిందండీ, మార్చేస్తే సరి" అన్నాడు డ్రైవరు.

"ఎందుకు పోయిందో చూడాలి గదా" అన్నాడు మేస్త్రి. ఆ మాటకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ముందు డిప్‌స్టిక్ లాగాడు. నీళ్ళు కలిస్తే ఆయిలు పాల టీ రంగుకు తిరుగుతుంది. మాది నల్లగానే ఉంది. దానితో గ్యాస్కెట్ బాగుందని తేల్చేసేవాళ్ళున్నారు. అది తప్పు. నేను ఏ చోట చిరిగితే జబ్బు ఆ చోటుకు తగ్గట్టే బయటపడుతుంది. మేస్త్రికి అది తెలుసు. ఇంజన్ బాగా చల్లారనిచ్చి, ఫ్యాన్ బెల్టు తీసి, రేడియేటర్ మూత తెరిచి స్టార్ట్ చేయించాడు. పంపు తిరగడం లేదు, నీళ్ళు ఇంకా కాగలేదు, అయినా బుడగలు పొంగుకొచ్చాయి. సిలిండర్లోని గాలి నా చిరుగులోంచి నీళ్ళలోకి వెళ్తోందన్నమాట. ప్లగ్గులు విప్పితే రెండోదీ మూడోదీ ఆవిరి కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. కంప్రెషన్ గేజ్ పెడితే ఒకటి, నాలుగు సిలిండర్లు 120 పౌండ్లు చూపించాయి. పక్కపక్కనున్న రెండు, మూడు 70 దగ్గరే ఆగిపోయాయి. ఇంకేం కావాలి?

నీళ్ళు వంపేశారు. నట్లన్నీ కొంచెం కొంచెంగా వదులు చేశారు, ఒక్కదాన్నే ఒకేసారి విప్పితే హెడ్డు ఇంకా మెలితిరుగుతుంది. హెడ్డు లేచింది. చాలా ఏళ్ళకు వెలుతురు చూశాను.

బ్లాకుకు అంటుకుపోయిన నా ముక్కల్ని గోకడానికి కుర్రాడు వైరు బ్రష్ అందుకున్నాడు. మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. "పొడి లేపకురా, నీళ్ళతో తడిపి గోకు, ముక్కు కట్టుకో." నా ఒంట్లోని ఆస్‌బెస్టాస్ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ తెస్తుంది. మంటను ఆపినదాన్నే ఆ పిల్లవాడికి కీడు కాగలనని తలుచుకుంటే భయం వేసింది.

హెడ్డు మీద ఉక్కు పట్టీ ఐమూలగా ఆనించి ఫీలర్ గేజ్ దూర్చాడు. నడుమ 0.15 మిల్లీమీటర్ల రేకు అడ్డు లేకుండా దూరింది. దాని మీద కొత్త గ్యాస్కెట్ వేసి మూసేసి ఉంటే అదీ నాలాగే కాలిపోయేది. పగుళ్ళు లేవని ప్రెజర్ టెస్టులో తేల్చుకుని హెడ్డును వంపు పోగొట్టే ఫేసింగ్‌కు పంపాడు. రేడియేటర్ పై ట్యాంకు టంకం విప్పితే సగం గొట్టాలు మూసుకుపోయి ఉన్నాయి. మాస్టారు చేత్తో తడిమి చూసి, "ఇన్నాళ్ళూ దీనికి ఊపిరాడలేదన్నమాట" అన్నారు. గొట్టం గొట్టానికీ కడ్డీ దూర్చి శుభ్రం చేయించారు.

కొత్త గ్యాస్కెట్‌లో ఆస్‌బెస్టాస్ లేదు. పైవైపు ఏదో, ముందువైపు ఏదో దాని మీదే అచ్చు వేసి ఉంది. స్టడ్ల మరలు శుభ్రం చేసి, దాన్ని పరిచి, నడుమ నుంచి అంచులకు టార్క్ రెంచ్‌తో మూడు విడతలుగా బిగించారు. రేడియేటర్‌లో బోరు నీళ్ళకు బదులు డిస్టిల్డ్ వాటరు, కూలెంటు పోశారు.

ఐదొందల కిలోమీటర్లు తిరిగాక మాస్టారు మళ్ళీ తెచ్చారు. ఇంజన్ చల్లారాక మేస్త్రి నట్ల బిగువు మరోసారి చూశాడు. కొత్తది అణిగి హెడ్డు వెంట్రుకవాసి దిగింది కనుక ట్యాపెట్ల సందు కూడా సరిచేశాడు. ఆ సందు ఎందుకు మారిందో కుర్రాడు తనే చెప్పాడు.